ఇంట్లో ఫైటర్ చేపలతో గుడ్లు పెట్టించడం ఎలా: ముందు పిల్లల మేత, ఆ తర్వాతే జంట

నా ఫైటర్ జంట మొదటిసారి గుడ్లు పెట్టినప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. నీటి మీద మగచేప కట్టుకున్న బుడగల గూడు, అందులో ఆవగింజ కంటే చిన్న తెల్లటి గుడ్లు, రెండో రోజుకి ఆ గూటి కింద వేలాడుతున్న వెంట్రుక లాంటి తోకలు. లెక్కపెట్టబోతే నూట యాభై దగ్గర తప్పిపోయాను. వారం తిరక్కుండానే ఒక పొద్దున లేచి చూస్తే ట్యాంకులో ఒక్కటీ కదలడం లేదు. నీళ్లు బాగానే ఉన్నాయి, వేడి సరిగ్గానే ఉంది, జబ్బేమీ లేదు. ఆకలికి చచ్చిపోయాయి. పిల్ల చేపల కోసమని నేను వేసిన పొడి వాటి నోట్లో పట్టేంత చిన్నది కాదు, పైగా అది కదలదు. ఆ వయసు ఫైటర్ పిల్లకి కదిలేదే తిండి.

అప్పటినుంచి నేను ఈ పనిని వెనక నుంచి మొదలుపెడుతున్నాను. గుడ్లు పెట్టించడం అంత కష్టమేమీ కాదు, కడుపునిండా తిండి, వెచ్చటి శుభ్రమైన నీళ్లు ఉంటే చేపలు వాటంతటవే ఆ పని చేస్తాయి. ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: పిల్లల మేత సీసాలో తయారై కంటికి కనిపించేదాకా మగచేపనీ ఆడచేపనీ ఒక ట్యాంకులో కలపొద్దు. ఇక్కడ ఫైటర్ గురించి వివరంగా చెప్తాను, మిగతా చేపల గురించి చివర్లో కొంత.

మీ ఇంటి నీళ్లకి ఏ చేప సరిపోతుంది

చేపలు కొనేముందు నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖర్చేమీ కాదు. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లు చాలాచోట్ల బాగా కఠినంగా ఉంటాయి, బకెట్టు అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు అవే. ఫైటర్ ఆ నీళ్లలో బతుకుతుంది, రంగు కూడా బాగానే ఉంటుంది. కానీ గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచాలంటే కాస్త మెత్తటి నీళ్లు మంచివి. నేను బోరు నీళ్లు సగం, ఆర్వో నీళ్లు సగం కలుపుతాను, మీటర్ మీద 150 నుంచి 250 మధ్య వస్తే ఆపేస్తాను. ఒట్టి ఆర్వో నీళ్లు మాత్రం వాడకండి, అందులో చేపకి కావాల్సిన లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార స్థాయి) కూడా నిలకడగా నిలబడదు. మునిసిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ సంగతి చూసుకోవాలి. వెడల్పాటి బకెట్టులో పట్టి ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజంతా వదిలేయండి, లేదా అక్వేరియం షాపుల్లో యాంటీ క్లోరిన్ అని, హైపో అని అమ్మే మందు సీసా మీద రాసిన కొలతలో వేయండి.

ఇంట్లో ఆర్వో లేదు, ఉన్నవి బోరు నీళ్లే అంటే బాధపడాల్సిన పనిలేదు. గప్పీలు, మోలీలు పెంచండి. వాటికి కఠినమైన నీళ్లే హాయి. పైగా అవి గుడ్లు పెట్టవు, నేరుగా ఈదే పిల్లల్నే పెడతాయి, ఆ పిల్లల నోరు కూడా పెద్దదే కాబట్టి మామూలు మేతని వేళ్లతో మెత్తగా నలిపి వేస్తే తినేస్తాయి. ఒక మగచేపకి రెండు మూడు ఆడచేపల లెక్కన ఉంచితే చాలు, సుమారు నెలకొకసారి పిల్లలు వస్తాయి. మగచేప లేకపోయినా వస్తాయి, ఎందుకంటే ఆడ గప్పీ ఒకసారి జతకట్టాక ఆ వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదు. షాపు నుంచి ఒంటరిగా తెచ్చిన గప్పీ పిల్లల్ని పెట్టిందని చాలామంది ఆశ్చర్యపోయేది అందుకే. తల్లి పిల్లల్ని తినకుండా చిన్న ప్లాస్టిక్ పెట్టెలో బంధించే పద్ధతి నాకు నచ్చదు, చేప దానిలో బాగా బెదిరిపోతుంది. ట్యాంకులో ఒక మూల జావా మాస్ గానీ హైడ్రిల్లా గానీ, అలాంటి నీటి మొక్కని ఒత్తుగా పెంచండి, కొన్ని పిల్లలు పోయినా చాలినన్ని మిగులుతాయి.

మేత: రెండు వారాల ముందు మొదలయ్యే పని

ఫైటర్ పిల్లలు ఈదడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో తినేది ఇన్ఫ్యూజోరియా, అంటే నీళ్లలో పెరిగే అతి సూక్ష్మమైన జీవులు. దీన్ని కొనక్కర్లేదు. పెద్ద గాజు సీసాలో పాత అక్వేరియం నీళ్లు పోసి, ఒక చిన్న అరటితొక్క ముక్క గానీ రెండు ఎండిన ఆకులు గానీ వేసి, మూతకి బదులు పల్చటి గుడ్డ కట్టి, కాస్త వెలుతురు తగిలే చోట పెట్టండి. రెండో రోజుకి నీళ్లు పాలలాగా తెల్లబడి వాసన వస్తాయి. అక్కడ చాలామంది పాడైపోయిందని పారబోస్తారు, పారబోయకండి. ఆ తెలుపంతా బ్యాక్టీరియా. ఇంకో రెండు మూడు రోజులకి దాన్ని తినే జీవులు పెరిగి నీళ్లు తేటపడతాయి, వాసన తగ్గుతుంది, సీసాని వెలుతురుకి ఎత్తి చూస్తే సన్నటి దుమ్ము తనంతట తాను కదులుతున్నట్టు ఉంటుంది. ఆ దుమ్మే మేత. ఒక సీసా అయిపోయేలోపు ఇంకోటి అందుకునేలా మూడు రోజుల తేడాతో రెండు సీసాలు మొదలుపెట్టండి.

తర్వాతి మేత ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే రొయ్య జాతి చిన్న జీవి. కోస్తాలో రొయ్యల హేచరీల వాళ్లకి ఇది బాగా తెలిసిన పేరు, రొయ్య పిల్లలకి పెట్టేది కూడా ఇదే. ఎండబెట్టిన గుడ్లు చిన్న ప్యాకెట్లలో, డబ్బాల్లో దొరుకుతాయి. లీటరు నీళ్లలో 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు కలిపి, అడుగు కోసి తలకిందులుగా నిలబెట్టిన ప్లాస్టిక్ బాటిల్లో పోసి, ఎయిర్ పంప్ గొట్టం అడుగుదాకా దించి, అర చెంచా గుడ్లు వేయండి. నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల వెచ్చగా ఉండి, పైన లైటు వెలుగుతుంటే ఒక రోజులో పొదుగుతాయి. అప్పుడు గాలి ఆపేసి పది నిమిషాలు ఆగండి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు వెలుతురు ఉన్న వైపు గుంపుగా చేరతాయి. వాటిని గొట్టంతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి వాడాలి. పెంకులు ట్యాంకులో పడకుండా చూసుకోండి, పిల్లలు మింగితే అరగదు. ప్యాకెట్ తెరిచాక గాలి చొరకుండా మూసి ఫ్రిజ్‌లో పెట్టండి, తేమ తగిలితే గుడ్లు పొదగవు. అసలు జంటని కలపడానికి ముందే ఒకసారి పొదిగించి చూసుకుంటే, మీ ప్యాకెట్ మంచిదో కాదో తెలిసిపోతుంది.

ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన నీళ్లలో కలిపి వేయమని కొందరు చెప్తారు. అది పనిచేయదని అనను, కానీ కొంచెం ఎక్కువైనా ఒక్క పూటలో నీళ్లు కుళ్లిపోతాయి. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

జంటని ఎంచుకోవడం, మేపడం

షాపులో చిన్న సీసాల్లో ఉండే పెద్ద తోక ఫైటర్లు చూడటానికి అందంగా ఉంటాయి కానీ వాటి వయసు మనకి తెలీదు, ఆ బరువైన రెక్కలతో ఆడచేపని చుట్టుకోవడం కూడా వాటికి కష్టం. మొదటిసారికి పొట్టి రెక్కల ప్లకాట్ రకం తీసుకోండి. వయసు నాలుగు నెలలు దాటి, ఏడాది లోపు ఉంటే మంచిది. ఆడచేప మగదానికంటే కాస్త చిన్నదిగా ఉంటే నయం, మరీ చిన్నదైతే దెబ్బలు తింటుంది.

రెండింటినీ ఒకదానికొకటి కనిపించకుండా వేరువేరుగా ఉంచి పది నుంచి పద్నాలుగు రోజులు బాగా మేపాలి. గింజల మేత ఒక్కటే సరిపోదు, ఆడచేప ఒంట్లో గుడ్లు నిండాలంటే బతికున్న మేత గానీ ఫ్రీజ్ చేసిన బ్లడ్‌వార్మ్స్ (ఎర్రటి చిన్న పురుగులు) గానీ రోజుకి రెండు పూటలా కొద్దికొద్దిగా పెట్టాలి. అన్నిటికంటే బాగా పనిచేసేది దోమ లార్వాలు. బాల్కనీలో ఒక బకెట్టు నీళ్లు పెడితే అవే వస్తాయి, కానీ ఇక్కడ ఒక్క విషయంలో నిర్లక్ష్యం చేయొద్దు: ప్రతిరోజూ వలతో మొత్తం వడకట్టేయాలి, కామా గుర్తులా వంగిన ప్యూపాలు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దోమలైపోతాయని అర్థం. ఊరెళ్లాల్సి వస్తే బకెట్టు బోర్లించి వెళ్లండి. మన చేపల కోసం పక్కింటి పిల్లలకి డెంగీ తెప్పించకూడదు. మురుగు కాలువల్లో దొరికే ట్యూబిఫెక్స్ పురుగులు నేను వాడను, జబ్బులు తెస్తాయన్న భయం.

రెండు వారాల తర్వాత ఆడచేపని పక్కనుంచి చూడండి. పొట్ట గుండ్రంగా నిండి, పొట్ట కింద చిన్న తెల్లటి చుక్క బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే సిద్ధంగా ఉన్నట్టే. మగచేప అప్పటికే తన సీసాలో నీటి మీద నురగ కడుతూ ఉంటుంది.

ట్యాంకు ఎలా ఉండాలి

ఫైటర్ సొంత ఊరు థాయ్‌లాండ్. అక్కడి వరి మళ్లలో, గడ్డి మొలిచిన లోతులేని కుంటల్లో, పెద్దగా కదలని వెచ్చటి నీళ్లలో బతికే చేప అది. వరి మడి ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, ట్యాంకు పెట్టేటప్పుడు దాన్నే గుర్తు పెట్టుకోండి.

ఇరవై నుంచి నలభై లీటర్ల ట్యాంకు చాలు. నీళ్లు మాత్రం ఆరు అంగుళాలు మించకుండా పోయండి, ఎందుకంటే గుడ్లు కిందికి జారుతుంటే మగచేప నోటితో ఒక్కొక్కటీ ఏరుకుని పైనున్న గూట్లో పెట్టాలి, పొదిగిన పిల్లలు జారినా అదే పని, లోతు ఎక్కువైతే అది అలిసిపోతుంది. అడుగున గులకరాళ్లు, ఇసుక ఏమీ వద్దు, గుడ్డు వాటి సందుల్లో పడితే దొరకదు. వేడి 27, 28 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి చిన్న హీటర్, థర్మామీటర్ పెట్టండి. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు హీటర్ లేకుండా ఈ పని కుదరదు. నా అనుభవంలో తొలకరి మొదలై ఎండలు చల్లబడ్డాక, వినాయక చవితి దాకా ఉండే రోజులు అన్నిటికంటే అనుకూలం. మే నెలలో మాత్రం వద్దు, నీళ్లు 33 దాటాయంటే చేపలకీ గుడ్లకీ కూడా ఇబ్బందే. స్పాంజ్ ఫిల్టర్ ఉంటే గాలి బుడగలు ఒక్కొక్కటిగా వచ్చేంత తగ్గించండి, నీళ్లు కదిలితే గూడు చెదిరిపోతుంది.

నీటిలో ఒక ఎండిన బాదం ఆకు వేయండి. మన వీధుల్లో, బడి ఆవరణల్లో నీడ కోసం పెంచే బాదం చెట్టే, ఎర్రబడి తనంతట తాను రాలిన ఆకు తెచ్చి, కడిగి, పూర్తిగా ఎండబెట్టి వాడాలి. నీళ్లు టీ రంగుకి మారతాయి, అది మంచిదే. ఆకు కింద మెల్లగా సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి, తర్వాత పిల్లలకి పనికొస్తాయి. గూడు కట్టుకోవడానికి ఒక థర్మోకోల్ కప్పుని నిలువుగా సగానికి కోసి బోర్లించి తేలేలా అంటించండి. ఆడచేప దాక్కోవడానికి ఒక మూల మొక్కలు గుబురుగా ఉండాలి. చెరువు నుంచి హైడ్రిల్లా తెచ్చేవాళ్లు జాగ్రత్త, దానితో పాటు తూనీగ లార్వాలు వస్తాయి, అవి చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టి తినేస్తాయి. చాలాసార్లు కడిగి, నాలుగు రోజులు వేరే బకెట్టులో పెట్టి చూసుకున్నాకే వేయండి. ట్యాంకు పైన గాజు పలకో, వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొరో కప్పాలి, ఎందుకో తర్వాత చెప్తాను.

కలిపే రోజు

ముందు మగచేపని వదలండి. ఒక పూట గడిచాక, రెండు వైపులా కోసిన పారదర్శకమైన ప్లాస్టిక్ బాటిల్ని ట్యాంకులో నిలబెట్టి ఆడచేపని దానిలో ఉంచండి, ఒకదానికొకటి కనిపించాలి కానీ తగలకూడదు. మగచేప రెక్కలు విప్పి చూపించి, వెళ్లి నాలుగు బుడగలు కట్టి, మళ్లీ వచ్చి చూపించి, ఇలా రోజంతా తిరుగుతుంది. ఆడచేప ఒంటి మీద నిలువు చారలు వచ్చి, తల కిందికి వంచితే ఒప్పుకున్నట్టు. అడ్డ చారలు, అంటే తల నుంచి తోక వైపు పోయేవి, భయానికి గుర్తు. అప్పుడు వదలకండి, ఇంకో రోజు ఆగండి.

వదిలాక కాస్త తరుముతాయి, కొరుక్కుంటాయి, రెక్క అంచులు చినుగుతాయి. చూసి టెన్షన్ పడొద్దు, అది మామూలే. కానీ ఆడచేప ఒక మూల పడి లేవకపోయినా, పొలుసులు ఊడి ఎర్రగా కనిపించినా వెంటనే తీసేయండి, ఇంకో రెండు వారాలు మేపి మళ్లీ ప్రయత్నించవచ్చు. నేను ఈ పనికి ఇంట్లో ఉండే సెలవు రోజునే ఎంచుకుంటాను, వదిలేసి ఆఫీసుకి వెళ్లి సాయంత్రం వచ్చి చూద్దామంటే కుదరదు.

అన్నీ కుదిరితే ఆడచేప తనంతట తానే గూటి కిందికి వెళ్తుంది. మగచేప ఒంటిని వంచి దాన్ని చుట్టేసుకుంటుంది, కొన్ని క్షణాలు రెండూ కదలకుండా ఉండిపోతాయి, తర్వాత తెల్లటి గుడ్లు మెల్లగా జారతాయి, మగచేప విడిపించుకుని కిందికి దూకి వాటిని ఏరుకుంటుంది. ఇలా రెండు మూడు గంటలు పదేపదే సాగుతుంది, మొత్తం గుడ్లు వంద నుంచి ఐదు వందల దాకా ఉండొచ్చు. ఆ సేపు గది తలుపు చప్పుడు కూడా చేయకండి. ఆడచేప గూటికి దూరంగా వెళ్లి దాక్కుంటే, మగచేప దాన్ని తరిమేస్తుంటే, అయిపోయినట్టు. వెంటనే ఆడచేపని తీసి, బాదం ఆకు వేసిన శుభ్రమైన నీళ్లలో విశ్రాంతిగా ఉంచండి.

మొదటిసారి తండ్రైన మగచేప గుడ్లు తినేయడం చాలా మామూలు. దాన్ని పనికిరాని చేప అనుకోకండి. మూడోసారికి నేర్చుకున్న చేపలు నా దగ్గరే ఉన్నాయి.

పిల్లలు: అసలు పని ఇక్కడే

ఒక రోజు నుంచి రెండు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. ఈ సమయంలో రాత్రిపూట చిన్న వెలుతురు ఉంచండి, చీకట్లో మగచేప జారిన పిల్లల్ని వెతుక్కోలేదు. పిల్లలు తోక కిందికి వేలాడేసుకుని ఉంటాయి, పొట్ట కింద ఉన్న సొన సంచిలోదే వాటి తిండి. ఇప్పుడు మేత వేయకండి, తండ్రికి కూడా వేయక్కర్లేదు, ఆ రెండు మూడు రోజులు అది తినకపోయినా ఏమీ కాదు.

పిల్లలు నిలువుగా వేలాడటం మానేసి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజే మగచేపని తీసేయాలి. అదే రోజు నుంచి ఇన్ఫ్యూజోరియా రోజుకి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగైదు చెంచాలు. నాలుగో ఐదో రోజు నుంచి అప్పుడే పొదిగిన ఆర్టీమియా కొద్దిగా వేసి, ఒక భూతద్దం పట్టుకుని చూడండి. పిల్ల పొట్ట నారింజ రంగులోకి మారితే తింటోందని అర్థం. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. అన్నీ ఒకేసారి ఎదగవు కాబట్టి ఇంకో మూడు నాలుగు రోజులు ఇన్ఫ్యూజోరియా కూడా వేస్తూ ఉండండి.

ఆర్టీమియా మంచినీళ్లలో కొన్ని గంటలే బతుకుతుంది, చచ్చినవి అడుగున చేరి నీళ్లు పాడు చేస్తాయి. అందుకని వారం దాటాక రోజూ పదో వంతు నీళ్లు మార్చాలి. ఎయిర్ పంప్ సన్న గొట్టం చివర పల్చటి గుడ్డ కట్టి అడుగు మాత్రమే లాగండి, అదే వేడి ఉన్న కొత్త నీళ్లు చుక్కచుక్కగా పడేలా వదలండి.

మూత సంగతి. ఫైటర్‌కి మొప్పలతో పాటు నీటి పైకి వచ్చి గాలి పీల్చుకునే లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. పిల్లల్లో ఇది మూడో వారం నుంచి ఆరో వారం లోపు ఏర్పడుతుంది. అప్పుడు నీటి పైన ఉన్న గాలి చల్లగా, పొడిగా ఉంటే బాగున్న పిల్లలు కూడా పోతాయి. మూత ఉంచితే లోపలి గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోట ట్యాంకు పెట్టకండి.

ఇతర చేపలకి మారేది ఏంటంటే

జీబ్రా డానియోలు మన దేశపు చేపలే, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ లాంటి చోట్ల పరిశోధనల్లో వాడేది కూడా వీటినే. ఇవి తెల్లవారి తొలి వెలుతురుకి గుడ్లు చల్లుతాయి, చల్లగానే తామే వాటిని తినేస్తాయి. అందుకే ట్యాంకు అడుగున రెండు వరుసలు గోలీలు పరిచి, ముందురోజు సాయంత్రం రెండు మగచేపల్ని, నిండు పొట్ట ఉన్న ఒక ఆడచేపని వదలాలి. గుడ్లు గోలీల సందుల్లోకి జారి తప్పించుకుంటాయి. మధ్యాహ్నానికి పెద్ద చేపల్ని తీసేయండి. రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి, సుమారు ఐదో రోజుకి ఈదుతాయి, అప్పుడు మళ్లీ అదే ఇన్ఫ్యూజోరియా.

కోరీలకి, అంటే అడుగున తిరిగే చిన్న కోరీడోరాస్ క్యాట్‌ఫిష్‌లకి, వాన కావాలి. బాగా మేపి, సగం నీళ్లు తీసి రెండు మూడు డిగ్రీలు చల్లటి నీళ్లు పోస్తే వానాకాలం వచ్చిందనుకుని మర్నాటికల్లా గాజుకి గుడ్లు అంటించే అవకాశం ఉంది. ఏంజెల్ చేపలకి జంటని మనం కుదర్చలేం, ఆరు పిల్లల్ని కలిపి పెంచితే వాటిలో అవే జతకడతాయి.

రెండు నెలల తర్వాత

ఎనిమిదో వారం నుంచి మగ ఫైటర్లు ఒకదాన్నొకటి తరమడం మొదలుపెడతాయి, తరిమేదాన్ని మొదట వేరు చేయండి. అరవై మగచేపలుంటే అరవై సీసాలు కావాలి, వాటి నీళ్లు మార్చడానికి రోజూ గంట కావాలి. జంటని కలిపే ముందే ఈ లెక్క వేసుకోండి. ఆడచేపలు పెద్ద ట్యాంకులో చాలాకాలం కలిసే ఉండగలవు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని దగ్గర్లోని అక్వేరియం షాపు వాళ్లు తీసుకుంటారు, డబ్బులకి బదులు మేత ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఎక్కువయ్యాయని చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి. అక్వేరియాల నుంచి బయటపడ్డ సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ ఆంధ్రా చెరువుల్లో, నదుల్లో పెరిగిపోయి జాలర్ల వలలు ఎలా చింపుతోందో వాళ్లని అడిగితే చెప్తారు.

తర్వాతి జతకి ఒకే కాన్పులోని అన్నాచెల్లెళ్లని పదేపదే కలపకుండా, వేరే చోట నుంచి ఒక కొత్త ఆడచేపని తెచ్చుకోండి. దాన్ని రెండు వారాలు విడిగా ఉంచి, ఈలోపు కొత్త ఇన్ఫ్యూజోరియా సీసా మొదలుపెట్టండి.